ఎందుకు తీసేశారో చెప్పాలి

విశాఖ ఉక్కు కర్మాగారంలో ఎ షిఫ్టు ఉదయం ఆరింటికి. అయిదు దాటినప్పటి నుంచే అగనంపూడి, కూర్మన్నపాలెం, పెదగంట్యాడ దారుల్లో మోటారు సైకిళ్లు, ఆటోలు వరస కడతాయి. చేతిలో క్యారేజీ, తలకు హెల్మెట్, కాళ్లకు సేఫ్టీ బూట్లు. కాంట్రాక్టు కార్మికుడైతే వీటన్నిటికంటే ముందు గేట్ పాస్ ఉండాలి. పాస్ చెల్లితే ఆ రోజుకు పని ఉన్నట్టు, చెల్లకపోతే లేనట్టు. 2024 సెప్టెంబరు నెలాఖరులో దాదాపు 4 వేల మంది కాంట్రాక్టు కార్మికుల పాసులు ఒక్కసారిగా చెల్లకుండా పోయాయి. కాంట్రాక్టర్లు మారుతున్నా ఏళ్ల తరబడి అదే విభాగంలో, అదే కొలిమి పక్కన చెమటోడ్చినవారు వారిలో ఎందరో. ప్లాంటు కోసం 64 గ్రామాల ప్రజలు భూములు వదులుకున్నారు. ఆ నిర్వాసిత కుటుంబాల బిడ్డలూ వారిలో ఉన్నారు. వారు ఫలానా తప్పు చేశారని ఎవరూ అనలేదు. మెమో లేదు, సంజాయిషీ అడిగింది లేదు. పాస్ ఆగిపోయింది, అంతే.

ఆందోళన రేగింది. ప్రాంతీయ లేబర్ కమిషనర్ సమక్షంలో చర్చలు జరిగాయి. వారిని కొనసాగించేందుకు యాజమాన్యం ఒప్పుకుంది. హమ్మయ్య అనుకునేలోపే 2025లో తొలగింపులు మళ్లీ మొదలయ్యాయి. మే 20 నుంచి కాంట్రాక్టు కార్మికులు నిరవధిక సమ్మెకు దిగాల్సి వచ్చింది. ఆ సమ్మె బాగోగుల చర్చ వేరు. ఇక్కడ మన ముందున్నది అంతకంటే పాత ప్రశ్న. ఒక మనిషిని పనిలోంచి తీసేయడానికి ఏది న్యాయమైన కారణం? ఆ కారణం ఆ మనిషికి చెప్పాల్సిన బాధ్యత ఎవరిది?

కర్మాగారం కష్టాల్లో ఉన్నమాట నిజం. సొంత గనులు లేవు, అప్పులు పేరుకుపోయాయి. గోదావరి, కృష్ణ, అన్నపూర్ణ అని పేర్లు పెట్టుకున్న మూడు బ్లాస్ట్ ఫర్నేసుల్లో ఆ సెప్టెంబరు నాటికి ఒక్కటే నడుస్తోంది. 2021 జనవరి 27న నూరు శాతం వాటాల విక్రయానికి కేంద్రం సూత్రప్రాయంగా ఒప్పుకున్న నాటి నుంచి కూర్మన్నపాలెంలోని కార్మికుల దీక్షా శిబిరంలో దీపం ఆరలేదు. 2025 జనవరిలో రూ.11,440 కోట్ల ప్యాకేజీ వచ్చింది. ఇలాంటి సంస్థలో పని తగ్గినప్పుడు మనుషులను తగ్గించుకోవాలని యాజమాన్యం అనుకోవడమే మహాపరాధమని అనలేం. పని లేకపోవడం కూడా ఒక కారణమే. అయితే దాన్ని కారణంగా చూపాలంటే కాగితం మీద చూపాలి. ఎంతమంది ఎక్కువయ్యారు, ఏ పనిలో ఎక్కువయ్యారు, అందులో ఫలానా మనిషినే ఎందుకు ఎంచుకున్నారు అన్న లెక్క చెప్పాలి. లెక్క చెప్పని చోట అనుమానం పుడుతుంది. సంఘంలో తిరిగేవాడినని తీసేశారా, సూపర్‌వైజరుకు ఎదురు చెప్పానని తీసేశారా, నా స్థానంలో తక్కువ కూలికి ఇంకొకడిని తెచ్చుకోవాలని తీసేశారా అని ఆ మనిషి రాత్రంతా నిద్రపోకుండా తన తప్పును తానే వెతుక్కుంటాడు. చేయని తప్పు కోసం అలా వెతుక్కునేలా చేయడం జీతం పోగొట్టడం కంటే పెద్ద శిక్ష.

ప్రపంచం ఈ విషయాన్ని చాలాకాలం కిందటే ఆలోచించింది. అంతర్జాతీయ కార్మిక సంస్థ 1982లో చేసిన 158వ ఒడంబడిక ప్రకారం ఉద్యోగిని తీసేయాలంటే మూడింటిలో ఒక కారణం ఉండాలి. అతడికి ఆ పని చేసే సామర్థ్యం లేకపోవాలి, లేదా నడవడిలో తప్పుండాలి, లేదా సంస్థ నడవడానికి ఆ తొలగింపు అవసరమై ఉండాలి. ఏవి కారణాలు కావో కూడా ఆ ఒడంబడిక చెప్పింది. సంఘంలో చేరడం, యాజమాన్యం మీద ఫిర్యాదు చేయడం, గర్భం దాల్చడం, జాతి, మతం, కుటుంబ బాధ్యతలు, జబ్బు చేసి కొన్నాళ్లు రాలేకపోవడం వంటివి. నడవడి, పనితీరు పేరుతో తీసేసేముందు ఆ మనిషి మాట వినాలని కూడా ఉంది. భారతదేశం ఆ ఒడంబడికను ఆమోదించలేదు. అయినా మన చట్టాలు, మన న్యాయస్థానాలు తమ దారిన తాము నడిచి ఇంచుమించు అక్కడికే చేరుకున్నాయి. 1946 నాటి స్టాండింగ్ ఆర్డర్ల (పనిచోటి నియమాల) చట్టం, 1947 నాటి పారిశ్రామిక వివాదాల చట్టం ఆ దారికి మొదటి మెట్లు. కక్షతో తీసేయడం, లేని గైర్హాజరీని అంటగట్టడం, చిన్న తప్పుకు పెద్ద శిక్ష వేయడం, విచారణను హడావుడిగా ముగించడం, ఇవన్నీ యజమాని చేసే అనుచిత చర్యలని ఆ పారిశ్రామిక వివాదాల చట్టమే తన అయిదో షెడ్యూల్లో రాసుకుంది.

పెద్ద సంస్థల్లో పర్మినెంటు ఉద్యోగి మీద ఆరోపణ వస్తే ఏం జరుగుతుందో ఒకసారి దగ్గరగా చూద్దాం. ముందు ఛార్జిషీటు. ఏ తేదీన, ఏ షిఫ్టులో, ఎక్కడ, ఏం చేశాడో అందులో ఉండాలి. జవాబుకు గడువివ్వాలి. జవాబు నచ్చకపోతే విచారణ. ఒక గది, ఒక బల్ల, ఒకవైపు విచారణాధికారి, మరోవైపు యాజమాన్యం తరఫున వాదించే అధికారి, ఇటు ఆరోపణ ఎదుర్కొనే కార్మికుడు, పక్కన అతడికి సాయంగా తోటి ఉద్యోగి. సాక్షి చెప్పింది కార్మికుడికి అర్థమయ్యే భాషలో చదివి వినిపించాలి. ఆ సాక్షిని ప్రశ్నించే హక్కు అతడిది. ప్రతి పేజీ కింద అందరి సంతకాలు. సస్పెన్షన్లో ఉంటే మొదటి 90 రోజులు సగం జీతం, ఆ పైన ఆలస్యానికి అతడు కారణం కాకపోతే ముప్పావు జీతం జీవన భృతిగా ఇవ్వాలి, ఎందుకంటే తీర్పు రాకముందే ఇంట్లో పొయ్యి ఆరిపోకూడదు. ఈ తతంగం చూసి విసుక్కునే అధికారులు లేకపోలేదు. దొంగ అని తెలిసినా ఇన్ని కాగితాలా అంటారు. కానీ దొంగ అని తెలిసిందని ఒక మనిషి అనుకోవడానికీ, అది నలుగురి ముందు నిలబడడానికీ మధ్య ఉన్న దూరాన్ని దాటించేది ఆ కాగితాలే.

న్యాయస్థానాలు ఎప్పుడూ కార్మికుడి పక్షమే పడతాయని యాజమాన్యాలు అనుకుంటే అది సరికాదు. భారత్ ఫోర్జ్ కేసు చూడండి. 1983 ఆగస్టులో ఒక కార్మికుడు మొదటి షిఫ్టులో, పట్టపగలు పదకొండు గంటల నలభై నిమిషాలకు పనిచోట ఇనుప రేకు మీద గాఢంగా నిద్రపోతూ దొరికాడు. అంతకుముందు మూడుసార్లు తప్పు చేసి శిక్ష పడినవాడు. ఉద్యోగంలోంచి తీసేశారు. సుప్రీంకోర్టు 2005లో ఆ తొలగింపు సబబేనంది. కొలిమి, క్రేను, గ్యాసు గొట్టాల మధ్య పని చేసేచోట ఒకరి ఏమరుపాటు పక్కవారి ప్రాణం మీదికి వస్తుంది. 2012 జూన్‌లో మన ఉక్కు కర్మాగారం ఎస్.ఎం.ఎస్.-2 (స్టీల్ మెల్టింగ్ షాప్) వద్ద ఆక్సిజన్ విభాగంలో పేలుడు, 2020 ఆగస్టు 1న హిందూస్థాన్ షిప్‌యార్డులో క్రేన్ కూలి 11 మంది చనిపోవడం చూసిన ఊరికి పనిచోట భద్రత అంటే ఏమిటో వేరే చెప్పనక్కర్లేదు. పదే పదే హెచ్చరించినా మారని నిర్లక్ష్యం న్యాయమైన కారణమే. దొంగతనం, లంచం, కావాలని యంత్రాన్ని పాడుచేయడం కారణాలే. ఇందులో కార్మిక సంఘాలకూ పేచీ లేదు, ఉండకూడదు.

తప్పుకు తగినంతే శిక్ష ఉండాలన్నది రెండో మాట. హింద్ కన్‌స్ట్రక్షన్ కేసులో 1961 జనవరి 1 ఆదివారం అయింది. ఏటా వచ్చే కొత్త సంవత్సరం సెలవు ఆదివారంలో కలిసిపోవడంతో, బదులుగా మర్నాడు సెలవు కావాలని కార్మికులు పనికి రాలేదు. అందుకు 11 మందిని ఏకంగా ఉద్యోగాల్లోంచి తీసేశారు. ఒకరోజు రానందుకు జీవితకాలపు కూడు తీసేయడమేమిటని ట్రైబ్యునల్ వారిని వెనక్కు తీసుకోమంది, సుప్రీంకోర్టూ అదే ఖాయం చేసింది. 1971లో పారిశ్రామిక వివాదాల చట్టానికి 11-ఎ సెక్షన్ చేర్చాక శిక్ష మరీ ఎక్కువైందనిపిస్తే తగ్గించే అధికారం లేబర్ కోర్టులకు నేరుగా దక్కింది. తప్పు చేసినవాడికి కూడా న్యాయం ఉంటుందన్న సంగతి మనం తరచూ మరిచిపోతాం.

మరో కేసు మన గేటు కథకు మరీ దగ్గర. డి.కె.యాదవ్ వర్సెస్ జె.ఎం.ఎ. ఇండస్ట్రీస్. ఎనిమిది రోజులు చెప్పకుండా రాకపోతే ఉద్యోగం దానంతటదే పోతుందని ఆ కంపెనీ స్టాండింగ్ ఆర్డర్లలో ఉంది. 1980 డిసెంబరు 3 నుంచి కార్మికుడు యాదవ్ రాలేదని యాజమాన్యం పేరు కొట్టేసింది. తాను రోజూ వస్తూనే ఉన్నానని, గేటు దగ్గరే ఆపేసి లోపలికి పోనివ్వలేదని, హాజరు పట్టీలో సంతకం పెట్టనివ్వలేదని అతడు మొత్తుకున్నాడు. గేటు దాటనివ్వనిది వారే, రాలేదని రాసుకున్నదీ వారే. పదమూడేళ్ల తర్వాత, 1993లో సుప్రీంకోర్టు అతడి గోడు విన్నది. రాజ్యాంగం 21వ అధికరణలోని జీవించే హక్కులో జీవనోపాధి కూడా ఉందని, దాన్ని తీసేసేముందు ఆ మనిషికి చెప్పుకునే అవకాశం ఇవ్వాల్సిందేనని చెప్పింది. ఆ కాలపు జీత బకాయిల్లో సగంతో ఉద్యోగం తిరిగి ఇప్పించింది. పదమూడేళ్లంటే ఒక బిడ్డ పుట్టి హైస్కూలుకు చేరేంత కాలం. ఆ ఇంట్లో ఆ పదమూడేళ్లు ఎలా గడిచాయో ఏ తీర్పులోనూ దొరకదు.

తొలగింపు మీద నిలదీయడం తెలుగువారికి కొత్త కాదు. వాల్తేరును కలకత్తాతో కలిపిన బెంగాల్ నాగపూర్ రైల్వేలో 1928లో ఉద్యోగాలు కోల్పోయిన కార్మికుల కోసం జరిగిన సమ్మెకు నాయకత్వం వహించింది వి.వి.గిరి. తర్వాత కేంద్ర కార్మిక మంత్రి, ఆ పైన రాష్ట్రపతి అయినా ఆయనకు తొలి గుర్తింపు తెచ్చింది ఆ రైలు పట్టాల పక్కన చేసిన పనే.

ఈ ఊరి అనుభవంలోనే ఇంకొక పాఠం ఉంది. అది పోర్టుది. 1933లో హార్బరు తెరిచిన తొలినాళ్లలో ఓడ సరుకు ఎత్తి దించే కూలికి రేపటి భరోసా లేదు. ఓడ వస్తే పని, రాకపోతే పస్తు. పొద్దున్నే వచ్చి నిలబడితే మేస్త్రీ వేలు చూపిన వాడికి ఆ పూట పని. మేస్త్రీకి నచ్చకపోతే మర్నాడు వేలు అటు తిరగదు. అతడిని తీసేశారని ఎలా అంటారు? ఎవరి పుస్తకంలోనూ పేరే లేదాయె! దేశంలోని రేవులన్నిటా ఇదే తీరు. అందుకే 1948లో డాక్ వర్కర్ల చట్టం వచ్చింది. దాని కింద విశాఖకు 1959లో స్కీము, డాక్ లేబర్ బోర్డు వచ్చాయి. రేవు కూలీ పేరు రిజిస్టరుకెక్కింది. పని వంతుల వారీగా పంచారు, పని దొరకని రోజుకు కూడా హాజరు భత్యం ఇచ్చారు. క్రమశిక్షణ చర్య తీసుకోవాలంటే విచారణ, పైకి అప్పీలు పెట్టారు. పేరు రాసుకోవడంతోనే అతడికి ‘నన్నెందుకు’ అని అడిగే హక్కు పుట్టింది. కంటెయినర్లు, కన్వేయరు బెల్టులు వచ్చి ఆ పనే మారిపోయాక బోర్డు పోర్టు ట్రస్టులో కలిసిపోయింది. అది వేరే కథ. రోజుకూలీకి కూడా కారణం చెప్పే పద్ధతిని ఈ ఊరు అరవయ్యేళ్ల కిందటే కట్టుకుందన్నది మాత్రం గుర్తుంచుకోవాలి.

ఆ పద్ధతి ఉక్కు గేటు దగ్గర ఎందుకు పనికిరావడం లేదు? కాంట్రాక్టు కార్మికుడికి ఇద్దరు యజమానులు. లోపల పని చూపించేది ప్లాంటు అధికారి, జీతం ఇచ్చేది కాంట్రాక్టరు. తీసేసిన రోజున మాత్రం ఇద్దరిలో ఒక్కరూ యజమాని కారు. కాంట్రాక్టరు పైవాళ్లు చెప్పారంటాడు, పైవాళ్లు కాంట్రాక్టరును అడగమంటారు. పారిశ్రామిక వివాదాల చట్టానికి 1984లో చేర్చిన సవరణ ప్రకారం గడువు తీరిన ఒప్పందాన్ని పొడిగించకపోవడం రిట్రెంచ్‌మెంటు (ఉద్యోగుల కుదింపు) కిందికే రాదు. కాంట్రాక్టు పద్ధతిని నిషేధించినా ఆ కార్మికులు తమంతట తామే పర్మినెంటు అయిపోరని 2001లో స్టీల్ అథారిటీ, వాటర్‌ఫ్రంట్ వర్కర్ల కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. అలా చట్టం ఎవరి కోసం అన్ని మెట్లు కట్టిందో వారిలో ఎక్కువమంది మొదటి మెట్టు దగ్గరే ఆగిపోతున్నారు. ఒకే ఫర్నేసు పక్కన, ఒకే వేడికి మాడుతూ ఇద్దరు పని చేస్తారు. ఒకరిని తీసేయాలంటే ఛార్జిషీటు, విచారణ, అప్పీలు. రెండోవారిని తీసేయాలంటే పాస్ కొట్టేస్తే చాలు. ఈ తేడాకు చట్టపరమైన వివరణ ఉండొచ్చు. న్యాయం మాత్రం కనిపించడం లేదు.

ఇది పారపట్టే కార్మికుడి కష్టం మాత్రమే అనుకోవద్దు. రుషికొండ మీది ఐటీ కార్యాలయాల నుంచి అచ్యుతాపురం సెజ్ దాకా, నగరంలోని ప్రైవేటు ఆసుపత్రులు, కాలేజీల దాకా ఇంకో పద్ధతి నడుస్తోంది. తీసేయరు, రాజీనామా రాయించుకుంటారు. ఒక గదిలో కూర్చోబెట్టి, మీరే రాసిస్తే మర్యాదగా ఉంటుంది, రేపు ఇంకోచోట ఉద్యోగానికి అడ్డురాదు అని మెత్తగా చెబుతారు. ఎదుటి మనిషి వణుకుతున్న చేత్తో సంతకం పెడతాడు. కాగితం మీద అది అతడి ఇష్టం. బ్యాంకులో ఇంటి అప్పున్న కుర్రాడు, ప్రసూతి సెలవు నుంచి వచ్చిన ఆడపిల్ల ఆ గదిలోంచి బయటికొచ్చి ఇంట్లో ఏం చెప్పాలో తెలియక ఆర్కే బీచ్ గట్టు మీద చీకటి పడేదాకా కూర్చుంటారు. పనితీరు బాగాలేదని తీసేయడం తప్పేమీ కాదు. ఎక్కడ బాగాలేదో ముందే చెప్పి, సరిదిద్దుకునే వ్యవధి ఇచ్చి, అప్పటికీ కుదరకపోతే తీసేసినట్టు యజమానే తన సంతకంతో రాసి ఇవ్వాలి. తాను చెప్పలేని కారణాన్ని ఎదుటివాడి చేత రాయించడం యాజమాన్యాలకు గౌరవం కాదు.

2025 నవంబరు 21 నుంచి నాలుగు లేబర్ కోడ్‌లు అమల్లోకి వచ్చాయి. పాత పారిశ్రామిక వివాదాల చట్టం, స్టాండింగ్ ఆర్డర్ల చట్టం రెండూ పారిశ్రామిక సంబంధాల కోడ్‌లో కలిశాయి. సస్పెండ్ చేసిన ఉద్యోగిపై విచారణను మామూలుగా 90 రోజుల్లో ముగించాలనడం అందులో మెచ్చుకోదగ్గ మాట. ఏళ్ల తరబడి సస్పెన్షన్లో మగ్గినవారికి దాని విలువ తెలుసు. మరోపక్క, స్టాండింగ్ ఆర్డర్లు ఇక 300 మంది, అంతకు మించి పనిచేసే చోటే తప్పనిసరి. కార్మికులను తగ్గించుకునేందుకు ప్రభుత్వ అనుమతి కావాల్సిన హద్దు కూడా 100 నుంచి 300కు పెరిగింది. తొలగింపును నేరుగా ట్రైబ్యునల్లో సవాలు చేసే గడువు మూడేళ్ల నుంచి రెండేళ్లకు తగ్గింది. రెండొందల మంది పనిచేసే ఫ్యాక్టరీల్లో తప్పొప్పుల పట్టిక గోడ మీద ఉండాల్సిన పని ఇక లేదన్నమాట. ఆటోనగర్‌లో, పరవాడ, అచ్యుతాపురం ఎస్టేట్లలో అలాంటివి ఎన్ని ఉంటాయో చుట్టూ చూస్తే తెలుస్తుంది. రాష్ట్ర ప్రభుత్వం, కార్మిక శాఖ ఈ వెలితిని పట్టించుకోవాలి.

ఉక్కు యాజమాన్యాన్నీ, కాంట్రాక్టర్లనూ అడగాల్సింది పెద్దదేమీ కాదు, కొత్తదీ కాదు. రిట్రెంచ్‌మెంటు చేయదలచుకున్న యజమాని ఆ విభాగంలోని అందరి పేర్లతో సీనియారిటీ జాబితా తయారుచేసి, కనీసం ఏడు రోజుల ముందు నోటీసు బోర్డు మీద అంటించాలని 1957 నాటి పారిశ్రామిక వివాదాల కేంద్ర నియమావళిలోని 77వ నిబంధన ఎప్పుడో చెప్పింది. చివర చేరినవారిని ముందు తగ్గించాలన్నది దాని వెనుక సూత్రం. అది తమకు వర్తించదని న్యాయవాదుల చేత చెప్పించుకోవడం సులువే. వర్తించకపోయినా పాటించవచ్చు, అందుకు ఏ చట్టమూ అడ్డురాదు. కాంట్రాక్టు కార్మికులను తగ్గించక తప్పదనుకున్నప్పుడు విభాగాల వారీగా ఆ జాబితా గేటు దగ్గర పెట్టాలి. ఎవరు ఎన్నేళ్లుగా ఉన్నారు, ఎవరిని, ఏ కారణంతో తగ్గిస్తున్నారో తెలుగులో రాయాలి. అభ్యంతరం చెప్పుకునేందుకు వారం గడువివ్వాలి. నిర్వాసిత కుటుంబాలవారి పేర్ల పక్కన ఆ సంగతి కూడా ఉండాలి. మళ్లీ ఫర్నేసులు పూర్తిగా నడిచి మనుషులు కావాల్సి వస్తే ఆ జాబితాలోని వారినే ముందు పిలవాలి. ఇకమీదట ఏ పాసైనా ఆపేముందు ఈ పని చేస్తామని యాజమాన్యం లేబర్ కమిషనర్ ముందు రాతపూర్వకంగా మాటివ్వాలి.